మంగళవారం అన్నం

ఫోను మోగినప్పుడు నేను చింతపండు పిసుకుతున్నాను. మోచేత్తో కొంగు వెనక్కి తోసి, ఎడమ చేతి చిటికెన వేలితో స్పీకరు నొక్కాను.

"దీప మేడమేనా? కాలేజీ ఆఫీసు నుంచి. బాటనీ పోస్టుకు మిమ్మల్ని తీసుకున్నాం మేడమ్. జూన్ రెండో తారీఖు వచ్చి జాయినవ్వండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చుకోండి."

అప్పటిదాకా నన్ను మేడమ్ అన్నది చీరల దుకాణం వాళ్లు మాత్రమే. నేను ఎగిరిన ఎగురుకు పులుసు గోడ మీద చిందింది. ఆ మరక ఇంకా ఉంది. తుడవబుద్ధి కాలేదు. హనుమకొండ మ్యాపులా ఉందని మా ఆయనకు చూపించాను కూడా.

ముందు గదిలో అత్తమ్మ మిషను మీద చీరకు ఫాల్ కుడుతోంది. "అత్తమ్మా, నౌకరి వచ్చింది! లెక్చరర్ నౌకరి!" అని అరుస్తూ వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

మిషను ఆగింది. ఆమె నా ముఖం చూసింది. తర్వాత నా చేతులు చూసింది. "చెయ్యి కడుక్కపో బిడ్డా, చీరకంటుతది" అంది. లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అరగంట దాకా బయటికి రాలేదు.

ఆ తలుపు వేసుకోవడాన్ని కూడా నేను ఆమె తప్పుల్లో కలిపాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఇంతకంటే సిగ్గుపడవలసినవి ముందున్నాయి.

నాకు పెళ్లయి మూడు నెలలు దాటింది. చర్చిలో పెళ్లిళ్లు చేయని శ్రమల దినాలు మొదలు కాకముందే, ఫిబ్రవరిలో చేశారు. మా ఆయన ఓంప్రకాశ్ ఇళ్లకు తిరిగి వాటర్ ప్యూరిఫయర్లు బాగు చేస్తాడు. దీప, ప్రకాశ్. కరెంటాఫీసోళ్ల పెళ్లి అని పందిట్లో అందరూ నవ్వారు. చర్చిలో ఆయన్ను ఉత్త ప్రకాశ్ అంటారు. "ఓంను గేటు కాడ చెప్పులతో పాటు విడిచి వస్తావా?" అని నేను ఏడిపిస్తుంటాను. ఆ పేరు మామయ్య కుమారస్వామి పెట్టింది. అప్పటికి అత్తమ్మ ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. మామయ్య పోయి ఆరేళ్లయింది.

హసన్‌పర్తిలోని ఈ రెండు గదుల ఇంట్లో నాకు అన్నీ ముద్దొచ్చేవి. ఇద్దరి పేర్లూ చెక్కించిన నాలుగు గిన్నెల స్టీలు డబ్బా. బండి మీద వెళ్తుంటే గాలికి ఉబ్బే ఆయన చొక్కా. నా బట్టల పక్కన తీగ మీద ఆరే ఆయన సాక్సులు. ఎమ్మెస్సీ చదివిన అమ్మాయి సాక్సులు చూసి మురిసిపోవడమేమిటని నాకే నవ్వొచ్చేది.

ముద్దు రానిది ఒక్కటే. మంగళవారం.

మిగతా రోజులు వంట అత్తమ్మది. నేను కూరగాయలు తరిగేదాన్ని, పులుసు పిసికేదాన్ని. పెళ్లయిన రెండో వారం ఆమె, "మంగళారం మంగళారం వంట నువ్వు చెయ్యి బిడ్డా" అంది. నేను ఎగిరి గంతేశాను. ఫోనులో చూసి పప్పుచారు, అమ్మను అడిగి వంకాయ కూర, నా తెలివి కలిపి టమాట పచ్చడి చేశాను. ఆయన డబ్బా కట్టి పంపి, మధ్యాహ్నం రెండు కంచాలు పెట్టాను.

"నువ్వు తిను బిడ్డా" అంది అత్తమ్మ.

"మీరో?"

"నువ్వు తిను."

ఆ రోజు ఆమె తినలేదు. చీకటి పడ్డాక ఒక అరటిపండు, కాసిన్ని చాయ్ నీళ్లు. అంతే. తర్వాతి మంగళవారమూ అంతే. ఆ తర్వాతా అంతే. పైగా ఆ రోజు పొద్దున్నే తలకు స్నానం చేసి, నూనె రాసి నున్నగా దువ్వుకునేది. ముఖానికి పౌడరు కూడా. ఆరోగ్యం బాగాలేక తినడం లేదని నేను సర్దుకోవడానికి కూడా వీలు లేకుండా నిగనిగలాడుతూ మిషను ముందు కూర్చునేది. వారంలో ఆరు రోజులు తన చేతి అన్నం తినే మనిషి, నేను వండిన ఒక్క రోజు మాత్రం మెతుకు ముట్టదు.

మాది వాడ. అత్తమ్మ పుట్టింటివాళ్లది ఊరు. కులాలు వేరు. ఆ రెండు మాటలకూ మధ్య దూరం ఎంతో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మా పెళ్లికి పాలకుర్తి దిక్కు పల్లె నుంచి ఆమె తమ్ముడు వెంకట్రాజం వచ్చాడు. నిలబడే ఆశీర్వదించాడు. భోజనాలకు పిలిస్తే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బస్సుకు వెళ్లిపోయాడు. చర్చి చర్చంతా చూసింది. నేనూ చూశాను. తమ్ముడు బాహాటంగా చేసింది అక్క ఇంట్లో నిశ్శబ్దంగా చేస్తోందని మూడో మంగళవారానికి నేను తీర్పు చెప్పేసుకున్నాను.

ప్రకాశ్‌ను ఒకసారి అడిగాను. "మా అమ్మ మనసుల ఏముండది దీపా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. కొత్త పెళ్లికొడుకులు ఇచ్చే జవాబులన్నీ అలాగే ఉంటాయి.

నౌకరి వచ్చిన సాయంత్రం ఆయన మిర్చి బజ్జీలు కట్టించుకుని వచ్చాడు. భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చుని తిన్నాం. నోరు మండి ఇద్దరం ఒకే సీసా నీళ్లు లాక్కున్నాం.

"తొమ్మిది కాలేజీలోళ్లు వద్దన్నరు. పదో కాలేజోళ్లకు అదృష్టం దక్కింది" అన్నాడు. "ఆదివారం సాక్ష్యం చెప్పాలె మరి."

సాక్ష్యం అంటే, దేవుడు చేసిన మేలును సంఘంలో నిలబడి చెప్పడం. చిన్నప్పటి నుంచి వందల సాక్ష్యాలు విన్నదాన్ని. మంచి సాక్ష్యానికి ఒక తీరు ఉంటుంది. ముందు గుంట ఉండాలి. గుంట ఎంత లోతుగా ఉంటే పైకి లేపిన చెయ్యి అంత బలంగా కనబడుతుంది. తొమ్మిది కాలేజీలు నాకు కొంచెం లోతు తక్కువనిపించాయి. అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని చూశాను కూడా.

ఆదివారం లేచి నిలబడ్డాను. మా చర్చి రేకుల షెడ్డు, నలభై కుటుంబాలు. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు చాపల మీద కూర్చుంటాం. "దేవునికి స్తోత్రం" అన్నాను. తొమ్మిది కాలేజీల గురించి చెప్పాను. "హల్లెలూయా" అన్నారు. నాకు ఊపు వచ్చింది.

"బయట తిరస్కారమే. ఇంటికొస్తే..." ఇక్కడ గొంతు వణికింది. నిజంగానే వణికింది. "నా చేతి అన్నం ముట్టని ఇంట్లో కూడా దేవుడు నా తల ఎత్తాడు."

ఎవరూ హల్లెలూయా అనలేదు. అందరి మనసులూ కరిగాయనుకుని కూర్చున్నాను. ముందు వరసలో అత్తమ్మ తల మీది కొంగు సర్దుకుంది. అంతే.

మా చర్చిలో ప్రతి ఆదివారం ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం అందరం పంచుకోవడం, ఉంటుంది. ఆ రొట్టె అత్తమ్మే చేస్తుంది. పన్నెండేళ్లుగా ఆమే. ద్రాక్షరసం చర్చిలో పెద్దావిడ యాకమ్మ చేస్తుంది. రొట్టెకు ఉప్పు వేయని గోధుమపిండి, దానికోసమే దాచిన పెనం, శనివారం సాయంత్రం. ఆ పని చేసేటప్పుడు అత్తమ్మ ఎవరితోనూ మాట్లాడదు.

ఆ రొట్టె ఉన్న పళ్లెం ఆడవాళ్ల వరసలోకి వచ్చింది. స్త్రీల సమాజం పెద్ద వినోదక్క, అందరికంటే ముందు చెయ్యి చాపే మనిషి, ఒక్క క్షణం ఆగి చిన్న ముక్క తీసుకుంది. పళ్లెం అత్తమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె రెండు చేతులా పట్టుకుంది. తాను చేసిన రొట్టె వైపు చూసింది. ముక్క తీసుకోకుండానే వెనక్కి తిరిగి పళ్లెం నాకు అందించింది.

బల్లలో చెయ్యి పెట్టకపోవడం మాలో చిన్న విషయం కాదు. లోపల ఏదో తప్పు ఉందని నలుగురి ముందు ఒప్పుకున్నట్టే. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. నేను మాత్రం చెయ్యి పెట్టాను. ముక్క నోట్లో వేసుకున్నాను. అంచు కొంచెం మాడి కమ్మగా ఉంది. తప్పు తెలిసిందన్నమాట, మంచిదే, అని కూడా అనుకున్నాను.

సోమవారం పొద్దున్నే మా వీధి పద్మ వచ్చింది. చర్చి మనిషే.

"ఆంటీ, నా చీరె ఇస్తరా?"

"ఇంకా కుట్టలేదు పద్మా. రేపటికి చేసిస్త" అంది అత్తమ్మ.

"వద్దుతియ్యి, తొందరున్నది. ఎక్కడన్న కుట్టిచ్చుకుంట." చీర మడత చంకలో పెట్టుకుని, నా వైపు జాలిగా చూసి, నా చెయ్యి నొక్కి వెళ్లింది. ఆ జాలి నాకు ఎంత తియ్యగా ఉందో చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

మంగళవారం నేను వండాను. పప్పుచారు, బెండకాయ. ఒక కంచమే పెట్టుకున్నాను. అత్తమ్మ మిషను ఆపి, చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చుంది.

"నాకు గూడ పెట్టు బిడ్డా."

పెట్టాను. కలుపుకుంది. కళ్లు మూసుకుని ఎప్పటికంటే ఎక్కువసేపు ప్రార్థన చేసుకుంది. తిన్నది. రెండోసారి అడిగి పెట్టించుకుంది. "ఉప్పు జర ఎక్కువైంది గని, మస్తుగున్నది" అంది.

నేను గెలిచాననుకున్నాను. సాక్ష్యం పని చేసిందనుకున్నాను. నలుగురిలో సిగ్గుపడితేగానీ మనుషులు మారరని అనుకుంటూ కంచాలు కడిగాను, పాట కూడా పాడుకున్నాను.

బుధవారం సాయంత్రం ఇళ్లలో ప్రార్థన కూడిక. ఆ వారం మా ఇంటి వంతు. ఇరవై మందికి చాయ్ పెట్టాను. చాపలు పరిచాను. ఆరున్నర అయింది. ఏడయింది. పాస్టరుగారు వేరే ఊళ్లో మీటింగుకు వెళ్లారని ముందే తెలుసు. మిగతావాళ్లు ఎవరూ రాలేదు. ఒక్కరు కూడా. గుమ్మం దాకా వచ్చి ఒక ఆటో ఆగితే అత్తమ్మ లేచి నిలబడింది. అది పక్కింటివాళ్లకు.

"రా కూసో" అంది నాతో. "ఇద్దరున్నా కూడికే."

ఆమె పాడింది. ప్రార్థన మొదలుపెట్టింది. రానివాళ్లందరినీ పేరు పేరునా తలచుకుంది. పద్మ కొడుకు పాలిటెక్నిక్ పరీక్ష. వినోదక్క మోకాళ్ల నొప్పులు. "దవాఖానల ఆపరేషనంటాండ్రు తండ్రీ, కత్తి లేకుంటనే బాగు చెయ్యి. ఒక్కతే మెట్లెక్కలేక తిప్పలవడుతాంది." నేను కళ్లు తెరిచి చూశాను. కళ్లు మూసుకున్న ఆమె ముఖంలో ఎవరి మీదా కోపం లేదు. ఇరవై మందికి పెట్టిన చాయ్ ఇద్దరం తాగలేం కదా. మోరీలో పారబోశాను.

గురువారం ప్రకాశ్ ముఖం ఎర్రగా చేసుకుని ఇంటికి వచ్చాడు. అమ్మ మిషను చప్పుడు వినిపిస్తుండగా వంటింట్లో నా ముందు నిలబడ్డాడు.

"పాస్టరుగారు నన్ను పిలిచి అడిగిండ్రు. మీ అమ్మ ఇంకా కులం పట్టింపు వదల్లేదా అని. నువ్వేమన్నవ్ దీపా సాక్ష్యంల? నేను నడుమ ఫోనొచ్చి బయటికి పోయిన, సగమే విన్న."

"ఉన్న మాటే అన్న. నా చేతి అన్నం ముట్టరు అన్న. ముట్టిండ్రా? మంగళవారం ఒక్కసారన్నా తిన్నరా?"

"నిన్నగాక మొన్న తిన్నదని నువ్వే చెప్తివి కదా!"

"సాక్ష్యం చెప్పినంక తిన్నరు."

"నాకు సమజైతలేదు" అన్నాడు. మా ఇద్దరి మొదటి పోట్లాట అది. డబ్బా మీద చెక్కించిన పేర్లు ఆ రాత్రి ఒకదాన్నొకటి చూసుకోలేదు. ఆయన వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి అడిగినట్టున్నాడు. "ఇడ్సిపెట్టు కొడుకా" అన్న ఒక్క ముక్క నాకు వినపడింది.

శుక్రవారం వినోదక్క ఫోను చేసింది. అత్తమ్మ స్పీకరులో పెట్టి మాట్లాడుతుంది, చేతులు కుట్టుపనిలో ఉంటాయి.

"మొగిలమ్మా, ఈ వారం సంది రొట్టె నేను చేస్త. నువ్వు జర రెస్టు తీసుకో. సంఘంల మాటలస్తాన్నయ్. అందరు తినే రొట్టె కదా."

"మంచిదక్కా" అంది అత్తమ్మ. ఫోను పెట్టేసి, పై అరలోంచి పెనం దింపింది. ఉతికిన మెత్తటి గుడ్డలో చుట్టి ప్రకాశ్ చేతికి ఇచ్చింది. "వినోదక్కకు ఇచ్చిరా. కొత్త పెంక మీద అంటుకుంటదని చెప్పు. మంట సన్నగ పెట్టుమను."

ఆ ఖాళీ అర కింద నిలబడి నేను కూర తరగలేకపోయాను. అయినా నేను అన్నది నిజమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నానో అన్నిసార్లూ అది కొంచెం కొంచెం చిన్నదైంది.

ఈ రోజు శనివారం. పొద్దున పదిన్నరకు అత్తమ్మ కుట్టిన చీరలు ఇవ్వడానికి హనుమకొండ వెళ్లింది. ఆమె ఆటో ఎక్కిన కాసేపటికి యాకమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి. చేతిలో ఎండు ద్రాక్ష పొట్లం. ద్రాక్షరసానికి శనివారం నానబెట్టే ఎండు ద్రాక్ష.

"వందనాలు పెద్దమ్మా, కూర్చోండి. అత్తమ్మ లేరు."

"ఎరుకే. లేనిది చూసే అచ్చిన." ఆమె కూర్చోలేదు. "ఏందే పిల్లా, పెద్ద చదువులు చదివితివి, నోరు పట్టుకునుడు మాత్రం ఏ కాలేజీల చెప్పలేదా?"

"నేను ఉన్నదే..."

"ఏం ఉన్నది? ఏమెరుక నీకు? మంగళారం నీ అత్త ఎందుకు తినలేదో ఒక్కసారన్న అడిగినవా?"

"నువ్వు తిను, నువ్వు తిను అన్నరు."

"ఉపవాసమున్నదే పిచ్చిదానా!" యాకమ్మ పొట్లం నా మీదికి విసిరినంత పని చేసింది. "నీ నౌకరి కోసం. రెండో కాలేజోళ్లు నిన్ను వద్దన్ననాడు నువ్వు బాత్రూంల నల్లా ఇప్పుకొని ఏడ్సినవట. నల్లా నీళ్ల నడుమ నీ ఏడుపు వినవడ్డదట. ఆ దినమే నా కాడికచ్చింది. 'యాకమ్మా, పిల్లకు నౌకరి అచ్చేదాక మంగళారం నోట్ల మెతుకు వెట్ట. నువ్వు ప్రార్థనల తోడుండు. ఎవ్వలకు చెప్పకు' అన్నది. పదమూడు మంగళారాలు! గీ ఎండలల్ల! బీపీ గోలీ ఏసుకునే మనిషి!"

"మరి వంట నాకెందుకు..."

"పొయ్యి కాడ నిలవడితే కండ్లు తిరుగుతాయని! సోకు కోసం ఇచ్చిందనుకున్నవా?"

మా అమ్మ ఉపవాసం ఉంటే వాడంతా తెలిసేది. తెల్లచీర, చిక్కు తల, వాడిన ముఖం, శుక్రవారం ఉపవాస కూటం, పక్కింట్లో "నేను ఈ రోజు ఉపవాసం వదినా" అన్న మాట. ఉపవాసం ముఖం అలాగే ఉంటుందనుకుని పెరిగాను. ఉపవాసం ఉన్నప్పుడు ముఖం కడుక్కుని తలకు నూనె రాసుకోమని ప్రభువు చెప్పిన మాట నేను ఆదివారం బడిలో కంఠతా పట్టి ప్లాస్టిక్ లంచ్ బాక్సు బహుమతి కూడా తెచ్చుకున్నాను. ఆ మాట పదమూడు వారాలు నా కళ్ల ముందు నున్నగా దువ్వుకుని కూర్చుంటే, సోకనుకున్నాను.

"ఇంకోటి ఇను" అంది యాకమ్మ. ఇప్పుడు గొంతు తగ్గింది. "ఆమె తమ్ముడు పెండ్లిల తినకపోయింది నీ కులానికి కాదు. ఇరవై రెండేండ్ల సంది అక్క ఇంట్ల మంచినీళ్లు సుత తాగడు. ఈమె బాప్తిస్మం తీసుకున్న దినం నుంచి. చేతి కూడు ముట్టకపోతే ఎట్ల మండుతదో మొగిలమ్మకెరుక. నీకంటె నాకంటె ఎక్కువెరుక. గామెను పట్టుకొని నువ్వు గామాట అంటివి."

నేను చెప్పిన మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నిజమైన మాటతోనే అబద్ధ సాక్ష్యం చెప్పాను. పది ఆజ్ఞల్లో అది కూడదన్నది ఒకటి. నేను నేల మీద కూర్చున్నాను. యాకమ్మే లోపలికి వెళ్లి, గిన్నె వెతుక్కుని, నీళ్లు తెచ్చి నాకు తాగించింది. "ఏడువకు. ఏడిస్తె అయిపోతదా?" అని వెళ్లిపోయింది.

ఒంటిగంటకు అత్తమ్మ వచ్చింది. ముఖమంతా చెమట. చెప్పులు విడుస్తూనే నన్ను చూసి ఆగింది.

"ఏమైంది బిడ్డా? మీ అమ్మోళ్లు మంచిగున్నరా?"

నేను కాళ్ల మీద పడబోయాను. ఆమె జబ్బలు పట్టుకుని లేపింది. "గిది మనకు లేదు. లే." అంతలో గట్టు మీద మరిచిపోయిన ద్రాక్ష పొట్లం చూసింది. "యాకమ్మ అచ్చిందా? దాని కడుపుల మాట దాగది. ఎండు ద్రాక్ష మాత్రం మంచిగ దాస్తది."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

"అత్తమ్మా, ఆదివారం ఇంటికి రాగానే నన్ను ఎందుకు తిట్టలేదు?"

"తిడితే మంగళారం ముచ్చట చెప్పాల్సొస్తది కదా. నాకు, దేవునికి నడుమ మాట అది. బయటపెట్టినంక అండ్ల ఏముంటది?"

"బల్లలో చెయ్యి ఎందుకు పెట్టలేదు?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా మీద నీ మనసుల ఏదో ఉన్నదని అప్పుడే ఎరుకైంది. మొదలు నీతోని సమాధానపడాలె, తర్వాతనే బల్ల. నేను ఏం తప్పు చేసిన్నో దొరకవట్టాలని వారం సంది చూస్తాన. మంగళారం నీ అన్నం తింటె నీ మనసు సల్లవడ్డట్టు కనవడ్డది. అదే కావచ్చు అనుకున్న."

నా తప్పుకు తనలో కారణం వెతుక్కుంటూ ఆమె వారం గడిపింది. నేను పాట పాడుతూ కంచాలు కడిగాను.

"నొప్పి అనిపించలేదా మీకు?"

"అనిపియ్యకేంది? మస్తు నొచ్చింది. మనిషిని కానా?" మిషను మీద చెయ్యి వేసి నిలబడింది. "ఆదివారం దీని మీద తలవెట్టి ఏడ్సిన. ప్రభువును సుత సొంతోళ్లే కాదన్నరు కదా, ఆయన నోరు తెరవలే కదా అని గుర్తు చేసుకున్న. ఆ మాట పట్టుకొనే సోమారం దాటిన, మంగళారం దాటిన. బుధారం ఎవ్వలు రాకపోయిండ్రు సూడు, ఆ దినం మాత్రం ప్రార్థనల పైకి ఒకటి చెప్పిన, లోపట దేవునితోని కొట్లాడిన. రొట్టె పోయినంక ఇంకా కొట్లాడిన. చెయ్యి ఊకుంటలేదు ఈ దినం. శనారం కదా."

ఆమె వేళ్లు మిషను బల్ల మీద పిండి కలుపుతున్నట్టు కదులుతున్నాయి. ఆమెకు కూడా తెలియకుండానే. నేను ఆ చేతిని పట్టుకున్నాను. మూడు నెలల్లో మొదటిసారి.

"రేపు లేచి అందరికీ చెప్తా అత్తమ్మా. పదమూడు మంగళవారాలు మీరు నా కోసం..."

"వద్దు. అది చెప్పద్దు. మాటియ్యి."

"అది చెప్పకుంటే వాళ్లు ఎట్ల నమ్ముతరు? మీరు ఎందుకు తినలేదని అడగరా?"

"నమ్మినోళ్లు నమ్ముతరు."

నాకు అప్పుడు అర్థమైంది, ఆమె నాకు మిగిల్చిన దారి ఏమిటో. ఉపవాసం గురించి చెబితే ఆమె గొప్పదవుతుంది, నేను పాపం తెలియని పిల్లనవుతాను. ఇద్దరికీ మర్యాదే. అది చెప్పకపోతే మిగిలేది ఒక్క మాట. నేను తప్పు సాక్ష్యం చెప్పాను. కారణం లేదు, సర్దుబాటు లేదు. సోమవారం నుంచి మేడమ్‌నైతే అవుతాను, రేపు మాత్రం నలభై కుటుంబాల ముందు అత్త మీద నింద వేసిన కోడలిని. పద్మ మళ్లీ నా చెయ్యి నొక్కదు.

అంతా ఆలోచించేసరికి ఎందుకో గుండె తేలికైంది. సిగ్గు మాత్రం తగ్గలేదు.

సాయంత్రం ప్రకాశ్ వచ్చాక, ఆయన ముందూ అత్తమ్మ ముందూ పాస్టరుగారికి ఫోను చేశాను.

"అయ్యగారూ, వందనాలు. రేపు సాక్ష్యాలలో నా పేరు మొదట రాసుకోండి."

"మళ్లీ శుభవార్తా అమ్మా?" అన్నారాయన.

"కాదండీ. పోయిన వారం నేను చెప్పినదాన్ని సరి చెయ్యాలి. మా అత్తమ్మ నా చేతి అన్నం తింటారు. నేను తప్పు చెప్పాను. బల్ల కంటే ముందే చెప్పాలి, ఆమె చెయ్యి పెట్టాలి కదా."

"సరేనమ్మా. తొమ్మిదిన్నరకు రా" అన్నారు.

ప్రకాశ్ గోడ మీది పులుసు మరక వైపు చూస్తూ నిలబడ్డాడు. "నేను నీ పక్కకు వచ్చి నిలవడ్త" అన్నాడు. "మగోళ్ల దిక్కు కూసోమంటె కూసోను."

అత్తమ్మ వంటింట్లోకి వెళ్లి నాలుగు గిన్నెల డబ్బా తీసి, మూతలు విప్పి, కడగడం మొదలుపెట్టింది.

"రేపు పొద్దుగాల ఆరింటికి లే బిడ్డా. గా పప్పుచారు చెయ్యి. ఆరాధన అయినంక చర్చి మెట్ల మీద కూసొని తిందాం. యాకమ్మకు సుత పెట్టు, వినోదక్క వస్తె ఆమెకు గూడ. ఉప్పు మాత్రం నేను చూస్త."